పదిహేనో అర

నేను కలకత్తా నుంచి కామెర్లతో ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం మా నాయన ఆరాధనలో ఒకే ప్రార్థనను మూడుసార్లు చేశాడు. మొదటిసారి ఎవరికీ ఏమీ అనిపించలేదు. రెండోసారి ఆడవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. మూడోసారి ఆయన కళ్ళు మూసుకుని, అవే మాటలతో, అదే గొంతుతో వాన కోసం అడుగుతుంటే ముందు చాప మీద కూర్చున్న సంఘపెద్ద గట్టిగా ‘ఆమేన్’ అన్నాడు. ప్రార్థన అక్కడితో ఆగింది. నాయన కళ్ళు తెరిచి, తానెక్కడున్నాడో తెలియని మనిషిలా మమ్మల్నందరినీ చూశాడు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. కడప, కర్నూలు జిల్లాలు కలిసేచోట, నల్లరేగడి అయిపోయి నాపరాయి గనులు మొదలయ్యే ఒక పల్లె మాది. నాయన అక్కడ ముప్పై ఏళ్ళుగా ఉపదేశి. పన్నెండు పల్లెలకు ఒక్కడే పాస్టరయ్య కాబట్టి ఆయన మూడు నెలలకొకసారి వచ్చి రొట్టె, రసం ఇచ్చి వెళ్ళేవారు. మిగతా ఆదివారాలు, పెళ్ళి ప్రార్థనలు, భూస్థాపనలు అన్నీ నాయనే జరిపించాలి. గుడి పక్కనున్న రెండు గదుల ఇల్లు మిషనరీల సంస్థది. ఉపదేశిగా ఉన్నంతకాలమే అది మాది.

ఆ మధ్యాహ్నం సంఘపెద్ద మా వసారాలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన గనిలో రాళ్ళు కోసే మనిషి. అరచేతులు నాపరాయి లాగే ఉండేవి. ఆయన ఒక్కగానొక్క కొడుకూ ఆ గనిలోనే పని చేసేవాడు.

“పాస్టరయ్య నన్నడిగినాడప్పా, ఉపదేశయ్య ఎట్ల ఉండాడు అని,” అన్నాడు నాతో, నాయనకు వినపడకుండా. “బాగనే జరిపిస్తాండాడు అని చెప్పినా. దేవుని యెదట అబద్ధం చెప్పినా. ఇప్పుడాయనే వచ్చి చూస్తాడంట. ఎండలు ముదిరేలోపల.”

“చూసి?”

“సరిగా లేకుంటే వేరే మనిషిని పంపిస్తారు. అంతే గదా.” అరుగు మీంచి లేస్తూ, “మీ అమ్మ యాడికి పోతాది?” అన్నాడు.

కలకత్తాలో నేను చేసే పని గురించి ఊళ్ళో ఎవరికీ సరిగా తెలియదు. లెక్కలు చేసే యంత్రం ఒకటి ఇంగ్లండు నుంచి వచ్చిందనీ, దానికి నేను కాపలా అనీ అనుకునేవాళ్ళు. నాయన మాత్రం మంచి ఘడియల్లో అడిగేవాడు. మతిమరుపు ఆయనను ఒక్కసారిగా కమ్మలేదు. పొద్దున పూట తెలివి నిలకడగా ఉండేది. నేను పథ్యం గంజి తాగుతూ నులక మంచం మీద కూర్చుంటే, ఆయన గోడకానుకుని కూర్చుని, అమ్మ తిరగలి తిప్పుతుండగా, ఒకరోజు అడిగాడు.

“ఆ మిసను తనంతట తాను ఎట్ల చేస్తాదిరా? లోపల ఎవురుండారు?”

చెప్పాను. గది నిండా ఇనుప బీరువాలు, వాటి నిండా రేడియోలో ఉండేలాంటి గాజు వాల్వులు. కూడికలు, తీసివేతలు చేసే భాగం ఒక పక్క. లెక్కలన్నీ దాచిపెట్టే డ్రమ్ము ఇంకో పక్క. ఆ డ్రమ్ములో వరుసగా నంబర్లు వేసిన అరలు. అంకెలు ఆ అరల్లోనే ఉంటాయి, ఏం చేయాలో చెప్పే ఆజ్ఞలూ ఆ అరల్లోనే ఉంటాయి. వీటన్నిటి మధ్య కంట్రోలు అనే భాగం ఒకటి.

“ఆ కంట్రోలు ఏం లెక్క చేస్తాది?”

“ఏమీ చెయ్యదు నాయనా. ఒక్క కూడిక గూడా దానికి రాదు. ఎవరు ఎప్పుడు చెయ్యాలో అది చెప్తాది, అంతే.”

“అయితే అది ఉపదేశి మాదిరి,” అన్నాడు నాయన. “రొట్టె ఇచ్చేది నేను గాదు, పెండ్లి కట్టేదీ నేను గాదు. లెయ్యండి, కూకోండి అనేదొక్కటే నా పని.”

తిరగలి దగ్గర అమ్మ నవ్వింది. “అదన్నా సరిగా చెప్తే శాలు. మొన్న అందరినీ నిలబెట్టి కూకోమని చెప్పేది మర్సిపోతివి. ముసిలోళ్ళ మోకాళ్ళు ఇంగా నొప్పులే.”

నాయనా నవ్వాడు.

“మర్సిపోతే ఏం జేస్తాది, ఆ కంట్రోలు?”

ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో తెలుసు కాబట్టి జాగ్రత్తగా చెప్పాను. దానికి గుర్తుంచుకోవలసినవి రెండే రెండు. ఇప్పుడు చేతిలో ఉన్న ఆజ్ఞ ఒకటి, తర్వాత చూడవలసిన అర నంబరు ఒకటి. మొదట ఆ నంబరున్న అరలోకి పోయి ఆజ్ఞను తెచ్చుకుంటుంది. తెచ్చుకున్న వెంటనే, ఇంకా ఏమీ చేయకముందే, నంబరును ఒకటి పెంచి పెట్టుకుంటుంది. ఆ తర్వాత చేతిలోని ఆజ్ఞను రెండుగా విడదీస్తుంది: ఏం చేయాలి, దేనితో చేయాలి. దాన్నిబట్టి ఏ దారుల తలుపులు తీయాలో ఆ తలుపులే తీస్తుంది, మిగతావి మూసి ఉంచుతుంది. లోపల గడియారం లాంటిది ఒకటి చిటికెలు వేస్తుంటుంది. ఒక్కో చిటికెకు ఒక్కో మెట్టు. అంకె అరలోంచి బయటికి వస్తుంది, లెక్కచేసే భాగంలోకి పోతుంది, కూడిక అవుతుంది. తలుపులు మూతపడతాయి. కంట్రోలు చేతిలోది వదిలేసి, మళ్ళీ మొదటికి వచ్చి, పెంచి పెట్టుకున్న నంబరు చూసుకుంటుంది. నిన్న చేసింది తెలియదు. రేపు చేయబోయేది తెలియదు. లెక్క మాత్రం తప్పదు.

“చెయ్యకముందే ఎందుకు పెంచుకుంటాది?”

“అట్ల కట్టినారు నాయనా. చేతిలో పని ఏమైనా, తర్వాత ఎక్కడికి పోవాల్నో అది ముందే సిద్ధంగా ఉంటాది.”

“నిలుపు అని చెప్పేదెవురు?”

“అదీ ఒక ఆజ్ఞే. ఒక అరలో రాసి పెట్టాల. పెట్టకుంటే పోతానే ఉంటాది. ఏం రాయని అరల్లోకి గూడా.”

నాయన తన చేతులు చూసుకున్నాడు. “నాకు అట్లాంటిది ఒకటి చేసిపెట్టురా,” అన్నాడు.

అమ్మ పాత దుప్పటి చించి, రెండు మూరల గుడ్డకు ఇరవై అరలు కుట్టింది. వాటి మీద నల్లదారంతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసింది. పాత క్యాలెండరు అట్టలు కోసి నేను చీటీలు రాశాను. ప్రతి చీటీ మీదా ఒక పని, ఒక నంబరు. ‘పాట – 41.’ ‘ప్రార్థన – 3.’ ‘ప్రసంగం – 6.’ పాట నంబరు కీర్తనల పుస్తకంలోది. ప్రార్థనలు, ప్రసంగాలు నాయన పాత నోటుబుక్కుల్లోంచి తీసి, నంబర్లు వేసి వరుసగా పెట్టాను. గుడ్డను ప్రసంగ పీఠం వెనక గోడకు కట్టాం. తర్వాతి అర ఏదో తెలియడానికి ఒక చీపురు పుల్ల. పుల్ల గుచ్చిన అరలోంచి చీటీ తీయాలి. ముందు పుల్లను పక్క అరకు జరపాలి. అప్పుడు చీటీ చదవాలి. అప్పుడు చేయాలి. అర ఖాళీగా ఉంటే ఊరికే ముందుకు జరగాలి.

ఎనిమిదో చీటీ మీద మాత్రం ఇలా రాశాను: ‘పాస్టరయ్య కుర్చీ చూడు. ఖాళీగా ఉంటే పుల్ల పదకొండుకు.’ కుర్చీలో మనిషి ఉంటే చూడవలసిన తొమ్మిది, పది అరల్లో, రొట్టె, రసం ఇచ్చే బల్ల ఆరాధనకు ఆయనను పిలిచే చీటీలుండేవి. పద్నాలుగో అరలో ‘దీవెన. నిలుపు.’

మొదట్లో నాయన పాట అయ్యాక పుల్ల జరిపేవాడు. అయిదు చరణాలు పాడేసరికి పుల్ల జరిపాడో లేదో మరిచిపోయి, అదే పాట మళ్ళీ ఎత్తేవాడు. “ముందు పుల్ల, నాయనా,” అని రోజూ ఖాళీ గుడిలో చెప్పేవాణ్ణి. పది రోజులకు ఆయన చేతికి అలవాటైంది. మనసులో నిలవనిది చేతిలో నిలిచింది.

రెండు నెలలు ఒక్క ఆదివారం తప్పలేదు. సంఘపెద్ద ఇంటికి వచ్చి నా భుజం మీద చెయ్యేసి, “మీ నాయన మళ్ళ మనకు వచ్చినాడప్పా,” అన్నాడు. ఆయన కొడుకు గోడమీది గుడ్డను చూసి, “ఏమన్నా, ఇదేనా కలకత్తా మిసను? మా అమ్మ గుడ్డలసంచి మాదిరుండాదే,” అని నవ్వాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయి అతనికి. గొంతు మంచిది. పాటల్లో నాయన మొదలెడితే రెండో గొంతు అతనిదే.

నేను ప్రతిరోజూ మోకరించి దేవునికి వందనాలు చెప్పేవాణ్ణి. ఆయన చేసినదానికి చెప్తున్నానో నేను చేసినదానికి చెప్తున్నానో అప్పుడు పట్టి చూసుకోలేదు.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, మా సంఘంలో ఎత్తిన కీర్తన మధ్యలో ఆపరు. ఎవరు నేర్పారో తెలియదు. వాన వచ్చి కప్పు కారినా, పిల్ల స్పృహ తప్పినా, ఉపదేశి ఎత్తిన పాట చివరి చరణం దాకా పోవలసిందే. దేవుని సన్నిధిలో మొదలుపెట్టిన మాటను సగంలో వెనక్కి తీసుకోవడం పాపమని మా నమ్మకం. రెండోది, చాలా ఏళ్ళుగా మా గుడి గోడకు ఒక నల్లపలక ఉండేది. దానిమీద సుద్దతో ఆనాటి పాటల నంబర్లు ఉత్త అంకెలుగా రాసేవాళ్ళు. గుడి గోడ మీద ఉత్త అంకె కనిపిస్తే మాకందరికీ అది పాటే.

గుడ్డ వచ్చాక ఆ పలక తీసేశాం. ఆరాధనకు పద్నాలుగు అరలు చాలు. మిగిలిన ఆరు అరల్లో నాయన తనవి పెట్టుకోసాగాడు. ప్రతి ఆదివారం గుడికి వచ్చినవాళ్ళను లెక్కబెట్టి, పాస్టరయ్యకు చెప్పాలి కాబట్టి, ఆ అంకెను ఒక చీటీ మీద రాసి పదిహేనో అరలో వేసేవాడు. నేను చూశాను, ఊరుకున్నాను. యంత్రంలో అంకె, ఆజ్ఞ ఒకేచోట ఉంటాయని నాయనకు చెప్పిందే నేను. కంట్రోలు చూపుకు రెండూ ఒకటేననీ, దారి తప్పి అంకె ఉన్న అరలోకి పోతే దాన్నే ఆజ్ఞ అనుకుని నెరవేరుస్తుందనీ కలకత్తాలో మాకు మొదటి వారంలోనే చెప్పారు. తెలిసినవాణ్ణి తెలిసీ ఊరుకున్నాను.

పాస్టరయ్య ఒక శనివారం సాయంత్రం ఎడ్లబండి మీద వచ్చారు. మరునాడు నాయన ఆరాధనను చూడడానికి. అదే శనివారం మధ్యాహ్నం గనిలో పైనుంచి రాతి పలక జారి సంఘపెద్ద కొడుకు మీద పడింది. పాస్టరయ్య బండి దిగే వేళకు అతన్ని తడికె మీద ఇంటికి తెచ్చారు.

ఎండలకు ఎక్కువసేపు ఉంచలేరు. ఆదివారం పొద్దునే భూస్థాపన అన్నారు. నేను పాస్టరయ్య దగ్గరికి పోయి మీరే జరిపించండని అడిగాను.

“ముప్పై ఏళ్ళ ఉపదేశి ఉండగా నేనెందుకు? ఆయన్నే జరిపించనీ. నేను కూర్చుంటాను,” అన్నారు. ఆయన మాట మెత్తగానే ఉంది. పరీక్ష ఇదేనని ఇద్దరికీ తెలుసు.

శవపెట్టె గుడిలోకి రావడానికి కాసేపే ఉంది. నేను గుడ్డలోంచి ఆదివారపు చీటీలు పద్నాలుగూ తీసేశాను. మరణపు ఆరాధన చీటీలు రాసి ఒకటి నుంచి ఏడు దాకా పెట్టాను. ఆ అబ్బాయి ముఖం చూసి వచ్చానప్పుడే. బయట ఏడుపులు దగ్గరకు వచ్చాయి. వెనక్కి వెళ్ళి మగవాళ్ళ వరుసలో చివర కూర్చున్నాను.

నాయన బాగా చేశాడు. చీటీ తీశాడు, పుల్ల జరిపాడు, చదివాడు, చేశాడు. ప్రార్థన చేస్తున్నప్పుడు ఆయన గొంతు వణికింది. అది ఏ చీటీలోనూ లేదు. ఏడో చీటీ ప్రసంగం. నోటుబుక్కు మూసి గుడ్డ వైపు తిరిగాడు. అప్పుడు నా చెయ్యి చొక్కా జేబుకు తగిలింది. లోపల అట్ట ముక్క. ‘దీవెన. నిలుపు.’

పాత చీటీల్లోంచి విడిగా తీసి జేబులో వేసుకున్నది, ఎనిమిదో అరలో పెట్టవలసింది అది. నేను పెట్టలేదు.

నాయన ఎనిమిదో అరలో చెయ్యి పెట్టాడు. ఖాళీ. పుల్ల జరిపాడు. తొమ్మిదో అరలో చెయ్యి పెట్టాడు. ఖాళీ. గుడిలో ఎవరూ కదలడం లేదు. పెట్టె తల దగ్గర ఆ అబ్బాయి తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పది. నేను లేచి ఎనిమిది అడుగులు వేస్తే చీటీ ఆయన చేతిలో పెట్టొచ్చు. లేస్తే పాస్టరయ్య చూస్తారు. ఆ గుడ్డ ఏమిటో, నాయన ఏమైపోయాడో, అంతా ఆ ఎనిమిది అడుగుల్లో బయటపడుతుంది. పదకొండు. నాయన తనంతట తానే ఆగి దీవెన పలుకుతాడని, ముప్పై ఏళ్ళుగా పలికిన దీవెన నోటికి రాకుండా ఉండదని అనుకున్నాను. పన్నెండు. పదమూడు. ప్రార్థించాను కూడా. లేవమని నా లోపల ఒక మాట స్పష్టంగా వినిపిస్తూనే ఉంది, దాన్ని కాదని ప్రార్థించాను. పద్నాలుగు.

పదిహేనో అరలోంచి నాయన చీటీ తీశాడు. పుల్లను పదహారుకు జరిపాడు. చీటీ చూసి, కాసేపు పట్టుకుని, “ఎనబై ఆరు,” అన్నాడు. పాట ఎత్తాడు.

అది కోత పండుగ పాట. గాదెలు నిండినందుకు, పనలు ఇంటికి చేరినందుకు సంతోషంగా చప్పట్లతో పాడేది. మొదటి చరణం సగం దాకా నాయన గొంతు ఒక్కటే. తర్వాత సంఘపెద్ద కలిశాడు. కొడుకు పెట్టె మీద చెయ్యి ఉంచి, నేల చూస్తూ కలిశాడు. ఆయన పాడితే ఇక మిగతావాళ్ళు పాడకుండా ఉండలేరు. అయిదు చరణాలూ పాడాం. ఆ తల్లి కూడా కొంగు తీసి పాడింది. రెండో గొంతు రావలసిన చోటల్లా అది లేదని అందరికీ వినిపించింది. నేనూ పాడాను.

చివరి మాట అయ్యాక పదహారో అర ముందు నాయన చెయ్యి గాలిలో ఆగింది. పాస్టరయ్య కుర్చీలోంచి లేచి తామే దీవెన పలికారు.

సమాధుల తోటలో మట్టి వేశాక పాస్టరయ్య నాయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. “చావును కోతగా చూపినావు ఉపదేశీ. నాకు ఆ ధైర్యం రాదు,” అన్నారు. ఆ సాయంత్రమే కాగితం రాసి సంతకం చేసి ఇచ్చారు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం నాయనే ఉపదేశి. ఇల్లు మాదే.

సంఘపెద్ద ఆ మాటలు పక్కనే నిలబడి విన్నాడు. పాస్టరయ్య అటు వెళ్ళాక, నాతో, కోపం లేకుండా అన్నాడు: “మావోడు రాళ్ళు కోసినోడప్పా. పంట యాడ కోసినాడు.”

ఇంటికి నడుస్తుంటే నాయన అడిగాడు. “ఎనబై ఆరు నువ్వు పెట్టిందేనా?”

“కాదు నాయనా. అది పోయిన ఆదివారం తలల లెక్క.”

కొంతదూరం నడిచాడు. “నేను రాసిందే.”

“పాడేటప్పుడు తెలియలేదా?” అంది అమ్మ.

“తెలిసింది. మొదటి లైనులోనే తెలిసింది. ఎత్తినంక ఆపేది లేదు గదా.”

దేవుడు మన తప్పుల్లోంచి కూడా మాట్లాడగలడని నేను నమ్ముతాను. పాస్టరయ్యకు ఆ పాటలో నిజంగానే ఏదో వినిపించి ఉంటుంది, ఆయన నటించే మనిషి కాదు. కానీ ఆ రోజు నాకు ఆజ్ఞ వచ్చింది, నేను లేవలేదు. యంత్రానికి ఆ పాపం లేదు. అందిన ఆజ్ఞను కాదనడం దానికి చేతకాదు. ఇన్నేళ్ళుగా ప్రార్థనలో ఆ ఎనిమిది అడుగుల దగ్గరికి రాకుండా నేను లేచిన రోజు లేదు.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళేసరికే చీటీలు పెట్టి ఉన్నాయి. నాయనే పెట్టుకున్నాడని అమ్మ చెప్పింది. సంఘం కూర్చుంది. నాయన మొదటి అరలోంచి చీటీ తీశాడు. పుల్ల జరపలేదు. నేను గొంతు సవరించుకుని, ముందు పుల్ల అని గుర్తుచేయబోయాను. ఆయన చీటీ పైకెత్తి చదివాడు.

“నిలుపు.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన గుడ్డలోంచి పుల్ల పీకేసి ప్రసంగ పీఠం మీద పెట్టాడు. “పోయినవారం పాట నేను ఏరింది కాదు,” అన్నాడు. “నాకు మతి లేదు. మావోడు రాసి పెడితే చూసి చేస్తాండా. శానా దినాలుగా. ఆ పొద్దు యాడ ఆపల్లో నాకు తెలియలేదు. మీ బిడ్డ మీద పాడినా. పాస్టరయ్యకు ఈ సంగతి రాయండి.”

అంత పొడుగు మాట ఆయన చీటీ లేకుండా మాట్లాడి చాలాకాలమైంది. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడగా నేను వినలేదు.

సంఘపెద్ద చాప మీద పక్కకు జరిగి, కొడుకు ఎప్పుడూ కూర్చునే చోటు చూపించాడు.

“రాప్పా ఉపదేశయ్యా. కూకో.”

నాయన వచ్చి అక్కడ కూర్చున్నాడు. ముందు ఎవరూ లేరు. నేను లేచి ఏదైనా పాట ఎత్తవలసింది, ఎత్తలేదు. ఎండ గుమ్మం దాటి చాపల మీదికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఆకలికి పిల్లలు ఏడవడం మొదలుపెట్టాక ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు.

నెల తిరగకముందే ఇల్లు ఖాళీ చేశాం.